ఇల్లు సర్దిపెట్టి పోయే దొంగ

దొంగతనాల విషయంలో డిటెక్టివ్ ధర్మారావుకి ఇరవై రెండేళ్ళ అనుభవం. టెక్కలిలో ఆయన బోర్డు కింద చేరే కేసుల్లో ముప్పాతిక వంతు పెళ్ళిసంబంధాల ఆరాలే అయినా, పోయిన మోటార్లు, పోయిన మేకలు, ఒకసారి పీటల మీదనుంచి పోయిన పెళ్ళికొడుకు కూడా ఆయన చేతుల మీదుగా దొరికినవే. కానీ దొంగ లోపలికి దూరి, ఏమీ పట్టుకుపోకుండా, చిందరవందరగా ఉన్న ఇల్లు సర్ది, ఊడ్చి, ముగ్గు కూడా పెట్టి పోయాడన్న ఫిర్యాదు వినడం మాత్రం ఇదే మొదలు.

"ఇల్లంటే నిజం ఇల్లు కాదు బాబూ, బ్లాగు," అంది వనజ.

"తెలుసమ్మా," అన్నాడు ధర్మారావు. నిన్న సాయంత్రం ఆమె బూత్ నుంచి ఫోన్ చేసేదాకా ఆయనకి బ్లాగంటే ఏమిటో తెలీదు.

2008 జూన్ పదహారు, సోమవారం. పలాసలో అవినాష్ నడిపే నెట్ సెంటర్. గోడ గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది. వరండాలో ఇరవై రెండు గంపల ఎండుచేపలు కట్టిపెట్టి ఉన్నాయి. వాటి ధాటికి అవినాష్ కస్టమర్లు సగంమంది గుమ్మంలోంచే వెనక్కి తిరిగిపోయారు. ధర్మారావుకి ఏ ఇబ్బందీ లేదు. పాతికేళ్ళ నస్యం పుణ్యమా అని ఆయన ముక్కు ఎప్పుడో పని మానేసింది. డిటెక్టివ్‌కి కళ్ళూ చెవులూ ఉంటే చాలంటాడాయన. చెవుల విషయంలో ఆయన భార్యకి వేరే అభిప్రాయం ఉంది.

వనజది అక్కుపల్లి. భర్త కృష్ణ సముద్రం మీద వేటకి వెళ్తాడు. పడవ తెచ్చిన చేపని ఆమె, ఇంకో పదిమంది ఆడవాళ్ళూ ఎండబెడతారు. ఏడాది కిందట ఈ సెంటర్లోనే కూర్చుని 'అక్కుపల్లి ఎండుచేప' అని బ్లాగు మొదలుపెట్టింది. హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ ఉంటూ నెత్తళ్ళ కూరకి మొహంవాచిన మనవాళ్ళు అది చదివి, కావలసింది రాసి పంపితే, పార్సిల్ కట్టి పంపేది. వారానికి మూడు బేరాలు తగిలితే గొప్ప.

"ఫిబ్రవరి నుంచి ఇదే వరస బాబూ. నాను బుధోరం రాసి ఎల్లిపోతాను. శనోరం వొచ్చి సూత్తే నా రాత మారిపోయుంతాది. నాను మా ఊరు, మా పడవ, మా మరిదితో తగాదా అన్నీ రాసుకొని, ఆకర్న రేటు రాసీదాన్ని. ఆడెవడో రేటు తీసుకెల్లి నెత్తి మీదెట్టినాడు. ఏ సేపుంది, ఎన్నాళ్ళకి సేరతాది, అన్నీ పైనే. నాను సీకట్లో తీసిన పొటోలు తీసీసి, ఎండలో తీసిందొకటి ఎతికి ముందెట్టినాడు. ఒక్కో సేపా ఎలా వొండాలో రాసినాడు. సదివినోళ్ళు ఏటడిగినా జవాబు మానలేదు. మా మరిది తగాదా మాత్రం మొత్తం కొట్టీసినాడు, దొంగసచ్చినోడు!"

"దీనివల్ల నీకు నష్టం ఏమిటమ్మా?"

"నట్టమేటుంది? మూడు బేరాలు అరవై మూడైనాయి." ఆమె గొంతు తగ్గింది. "అందుకే నోరెత్తలేదు. నిన్న అడ్రసులు రాసుకుందారని వొత్తే తలుపు తెరుసుకోలేదు. పాస్‌వర్డ్ మార్చీసినాడు. అరవై మూడు మంది అడ్రసులూ లోపలుండిపోనాయి."

సాయంత్రం ఐదింటికి కొరియర్ ఆఫీసు పార్సిళ్ళు తీసుకోవడం ఆపేస్తుంది. వానలు పట్టాయి. గంపలు ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే చెమ్మ తగిలి చేప పురుగు పడుతుంది. పదకొండు మంది ఆడవాళ్ళు మబ్బుల్ని తిట్టుకుంటూ రెండు వారాలు దక్కించుకున్న ఎండంతా ఆ గంపల్లో ఉంది.

"ఈ పాలి మాట తప్పితే మల్లీ మన మొకం ఎవులు సూత్తారు బాబూ? అప్పుడు ఆ తిరుపతిరావు గారికి బ్లాగు అమ్ముకోడవే గతి." ఆమె రోడ్డుకి అవతలున్న జీడిపప్పు గోడౌన్ వైపు తల విసిరింది. దాని యజమాని తిరుపతిరావు రెండు నెలల కిందట ఆ బ్లాగు తనకి అమ్మమని అడిగాడు. వనజ పొమ్మంది.

"సాయంత్రం ఐదు లోపల ఆ మనిషిని తెచ్చి నీ ముందు నిలబెడతాను. ఇది ధర్మారావు మాట."

"నా ముందొద్దు. ఆ వరండాలో కూకున్న మా ఆడోళ్ళ ముందు నిలబెట్టండి, సాలు. కత్తిపీటలు కూడా తెచ్చుకున్నారు."

ధర్మారావు జేబులోంచి మడతపెట్టిన చీటీ తీశాడు. పొద్దున్న ఆయన పేపరు చదువుతుండగా భార్య సీతారత్నం జేబులో పెట్టిన కూరల చీటీ అది. పెడుతూ ఆవిడ ఏదో చెప్పింది. ఆయన ఊఁ అన్నాడు. ఇరవై ఆరేళ్ళ కాపురం ఆ ఊఁ మీదే నడుస్తోంది. చీటీలో ఖాళీగా ఉన్న వైపు పైకి తిప్పి, కౌంటర్ మీద పెట్టుకుని, కుర్ర ఓనర్ అవినాష్ వైపు తిరిగాడు.

"సెంటర్ ఎన్నింటికి కడతావు?"

"తొమ్మిదింటికి సార్."

"తాళంచెవులు?"

"ఒకటి నా దగ్గర, ఒకటి వాచ్‌మన్ బైరాగి దగ్గర."

"వనజమ్మ ఎప్పుడెప్పుడు వస్తుంది?"

"బుధవారం, శనివారం. పదకొండు నుంచి పన్నెండు. ఎప్పుడూ మూడో నంబరే. ఫ్యాను దానికొక్కదానికే తిరుగుతాది."

"ఆమె లేచాక ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు?"

అవినాష్ రిజిస్టర్ మీద మోచెయ్యి ఆనించాడు. "అది రిజిస్టర్లో ఉంటాది సార్. కానీ కస్టమర్ల పేర్లు బయటపెట్టకూడదు. ప్రైవసీ."

"నీ ప్రైవసీ సంగతి నాకు తెలుసు. గుర్తింపు కార్డు చూడకుండా కూర్చోబెడుతున్నావు, ఆ ఖాళీలు కనిపిస్తాయని భయం. తియ్యి రిజిస్టరు."

"రిజిస్టర్‌తో పనేటి బావా? నేరం జరిగింది రాత్రి పూట అయితే!"

గుమ్మంలో తాతారావు నిలబడి ఉన్నాడు. నల్లద్దాలు, మెళ్ళో తాడుకి వేలాడే పెన్‌డ్రైవ్, చంకలో ఫైలు. ఒకప్పుడు ధర్మారావు దగ్గరే పని నేర్చుకుని, ఆయన క్లయింట్లలో సగంమందిని తీసుకుని వేరుపడ్డవాడు. ఆ తర్వాత విశాఖపట్నంలో ఇరవై ఒక్క రోజుల కంప్యూటర్ కోర్సు చేసొచ్చి విజిటింగ్ కార్డు మీద 'సైబర్ డిటెక్టివ్' అని వేయించుకున్నాడు.

"నిన్నెవరు పిలిచారు?"

"సెంటర్ పరువు కాపాడాలని అవినాష్..."

"నేను పిలవలేదు సార్," అన్నాడు అవినాష్. "శనివారం నుంచీ ఆయనే వస్తన్నారు. ఫీజు కూడా వొద్దన్నారు."

తాతారావు ఫీజు వద్దనడం వింతే. ఆ వింత గురించి ఆలోచించేలోపే అతను ఫైలు తెరిచి కౌంటర్ మీద పరిచాడు. బ్లాగు పేజీల ప్రింట్లు. మార్చిన ప్రతి రాత కిందా తేదీ, టైము ఉన్నాయి. ధర్మారావు వాటిని చీటీ మీదికి ఎక్కించుకున్నాడు. జూన్ మూడు, మంగళవారం, రాత్రి పదకొండూ నలభై. ఆరు, శుక్రవారం, పదకొండూ ముప్పై ఐదు. పది, మంగళవారం, పదకొండూ యాభై. పదమూడు, శుక్రవారం, పదకొండూ నలభై ఐదు.

"మంగళవారం, శుక్రవారం. రాత్రి పదకొండున్నర దాటాక," అన్నాడు తాతారావు. "అప్పుడు తాళంచెవి ఎవడి దగ్గరుంతాది? బైరాగి దగ్గర. పైగా వెనక కిటికీ కొక్కెం ఊడి వేలాడతంది. కేసు అయిపోయింది బావా, టీ తాగుదాం."

"బైరాగికి సంతకం కూడా రాదు సార్. వేలిముద్రే," అన్నాడు అవినాష్.

"రానట్టు నటిస్తన్నాడు."

ధర్మారావు వెనక గదిలోకి వెళ్ళాడు. కిటికీ కొక్కెం నిజంగానే ఊడి ఉంది. కానీ కొక్కెం నుంచి రెక్కకీ, రెక్క నుంచి ఊచకీ సాలెగూడు అల్లుకుని ఉంది. అందులో మూడు ఈగలు ఎండిపోయి, దుమ్ము పట్టి ఉన్నాయి.

"తాతారావూ, ఈ సాలీడు కూడా ముఠాలో ఉందా?"

"మళ్ళీ కట్టుకునుంటాది."

"మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి కట్టి, పాత ఈగల్ని తెచ్చి అందులో అంటించుకుందా?"

తాతారావు నల్లద్దాలు సర్దుకున్నాడు. ధర్మారావు తిరిగొచ్చి ప్రింట్లు మళ్ళీ చదివాడు. వనజ రాసిన పాత పేజీ అడుగున దొంగ ఒక ముక్క రాసి ఉంచాడు: 'అసలు మాట ముందు. సొంత గోల తర్వాత.' ఈ గొంతు ఎక్కడో విన్నట్టుందే అనిపించింది. ఎక్కడో తట్టలేదు. వదిలేశాడు.

"వనజమ్మా, ఈ జూన్ మూడు నాటి వాటిల్లో నీ చేత్తో రాసిందేమైనా ఉందా?"

ఆమె వేలు పెట్టి చూపించింది. "ఇది నాదే. కవళ్ళ సేప సంగతి."

"ఇది ఏ రోజు, ఎన్నింటికి రాశావు?"

"బుధోరం. వొచ్చి కూకొని, కాసేపు ఆలోసించి, పదకొండున్నర దాటినాక."

"ఇక్కడ మంగళవారం రాత్రి పదకొండూ ఐదు అనుంది."

"రేతిరి పదకొండింటికి నాకు ఒక నిద్దరైపోద్ది బాబూ!"

ధర్మారావు పెన్సిల్ ఆగింది. బుధవారం పగలు పదకొండూ ముప్పై ఐదుకి రాసింది మంగళవారం రాత్రి పదకొండూ ఐదు ఎలా అవుతుంది? పన్నెండున్నర గంటల తేడా. ఆయన అవినాష్ వైపు చూశాడు. అవినాష్ నాలిక కరుచుకున్నాడు.

"ఆ బ్లాగుల కంపెనీ అమెరికాది సార్. గడియారం మనం మార్చుకోకపోతే వాళ్ళ టైమే పడతాది. వనజక్కకి మార్చి పెట్టడం మర్చిపోయాను."

ధర్మారావు చీటీ మీద ప్రతి టైముకీ పన్నెండున్నర గంటలు కలిపాడు. బుధవారం పన్నెండూ పది. శనివారం పన్నెండూ ఐదు. బుధవారం పన్నెండూ ఇరవై. శనివారం పన్నెండుంపావు. అన్నీ మిట్టమధ్యాహ్నాలే.

"పట్టపగలు, సెంటర్ నిండా జనం ఉండగా," అన్నాడు.

"అమెరికా టైము అంటన్నావు కాబట్టి అమెరికా హ్యాకరే," అన్నాడు తాతారావు ఏమాత్రం తడుముకోకుండా.

"అమెరికావాడికి అక్కుపల్లి నెత్తళ్ళలో మామిడికాయ ఎప్పుడెయ్యాలో తెలుసా?"

వనజ రొంటినుంచి చిన్న నోటుబుక్కు తీసింది. దొంగ వచ్చిపోయిన తేదీలన్నీ ఫిబ్రవరి నుంచి రాసిపెట్టుకుంది. ధర్మారావు ఆ తేదీలకీ ఒక రోజు కలుపుకుంటూ ఒక్కో పేజీ తిప్పాడు. వారానికి రెండేసిసార్లు తప్పకుండా వచ్చిన దొంగ మార్చి రెండో వారంలో ఒక్కసారీ రాలేదు. ఏప్రిల్ పన్నెండు తర్వాత ఏకంగా మాయమై, జూన్ నాలుగున మళ్ళీ తేలాడు.

"వేసవి సెలవులకి ఎల్లుంటాడు," అన్నాడు తాతారావు.

"ఏప్రిల్ మధ్యనుంచి మే ఆఖరు దాకా ఏమిటమ్మా?"

"యాట నిషేధం కదా బాబూ. గుడ్లెట్టే కాలం. పడవలన్నీ ఒడ్డునే ఉంతాయి."

"మార్చి రెండో వారం?"

"మా ఆయనకి జొరం. యాటకెల్లలేదు."

ధర్మారావు పుస్తకం మూసేశాడు. కృష్ణ సముద్రం మీద ఉంటేనే దొంగ వస్తున్నాడు. ఒడ్డున ఉంటే రావడం లేదు.

"అయితే మొగుడు ఇంట్లో లేడని తెలిసినోడెవడో..." అని తాతారావు మొదలుపెట్టాడు. వనజ అతని వైపు చూసిన చూపుకి ఆ వాక్యం అక్కడే ఆగిపోయింది.

"బాగా ఆలోచించి చెప్పమ్మా. నీ మనిషి ఒడ్డున ఉన్నప్పుడూ, సముద్రం మీద ఉన్నప్పుడూ, ఈ కుర్చీలో నువ్వు చేసే పనిలో తేడా ఏమైనా ఉంటుందా?"

"ఏటుంతాది? అదే రాత, అదే..." ఆమె ఆగింది. "ఒక్కటుంది. ఆడు యాటలో ఉంటే సైన్ అవుట్ నొక్కను."

"ఎందుకని?"

"అవినాష్ బాబే సెప్పినాడు, సైన్ అవుట్ అంటే ఈది తలుపుకి గడియెయ్యడం లాటిదని. మడిసి యాటలో ఉంటే మేం ఈది తలుపుకి గడియెయ్యం బాబూ. గడియేత్తే గంగమ్మ తల్లి ఆడికి తిరుగుదారి మూసేత్తాదంతారు. మా అమ్మ ఎయ్యలేదు, మా అత్త ఎయ్యలేదు. నానెలాగేత్తాను?"

అవినాష్ నుదురు కొట్టుకున్నాడు. తాతారావు పకపకా నవ్వాడు. ధర్మారావు నవ్వలేదు. మనిషిని సముద్రం మీదికి పంపి, తలుపు తీసిపెట్టుకుని కూర్చునేవాళ్ళని చూసి నవ్వడానికి ఆయనకి మనసొప్పలేదు. పైగా కేసు తేలిపోయిందన్న సంబరం కూడా ఉంది.

"నవ్వు తర్వాత. ముందు ఇది చదువు," అని చీటీ తాతారావు చేతిలో పెట్టాడు. "తాళం పగలలేదు, హ్యాకర్ లేడు, అమెరికా లేదు. వనజమ్మ పన్నెండింటికి తలుపు తీసి ఉంచి లేస్తుంది. పన్నెండింటికి ఆ కుర్చీలో కూర్చున్న మనిషి తిన్నగా లోపలికి వెళ్ళిపోతున్నారు. నీ ఇరవై ఒక్క రోజుల కోర్సులో ఇది నేర్పలేదా?"

తాతారావు చీటీ చదివాడు. వెనక్కి తిప్పాడు. నల్లద్దాలు తీసి మళ్ళీ చూశాడు. ఉన్నట్టుండి అతని మొహం విచ్చుకుంది.

"ఒప్పుకున్నాను బావా. నువ్వే గెలిచినావు. ఇది నేను గుర్తుగా ఉంచుకుంటాను." చీటీ మడిచి జేబులో పెట్టుకుని, ఫైలు కూడా వదిలేసి, గుమ్మం దాటేశాడు. టైము పన్నెండూ నలభై ఎనిమిది.

తాతారావు ఓటమి ఒప్పుకోవడం ధర్మారావు ఎరిగినంతలో ఇదే మొదటిసారి. అప్పుడే అనుమానం రావాలి. కానీ గెలిచిన మనిషికి అనుమానాలు రావు. ఆయన దర్జాగా చెయ్యి చాపాడు. అవినాష్ ఇక మారుమాట లేకుండా రిజిస్టర్ తెచ్చిచ్చాడు.

జూన్ పద్నాలుగు, శనివారం. మూడో నంబరు. పన్నెండు నుంచి ఒంటిగంట. అక్షరాలు గుండ్రంగా, పలక మీద ఒరవడి పెట్టినట్టున్నాయి. పేరు: సీతారత్నం. ఊరు: టెక్కలి. వృత్తి: రిటైర్డ్ తెలుగు పండిట్. వచ్చిన పని: తప్పులు దిద్దడం.

ధర్మారావు పేజీ వెనక్కి తిప్పాడు. బుధవారం, అదే పేరు. ఇంకా వెనక్కి. శనివారం, అదే పేరు. బుధవారం, శనివారం పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో మోకాలి వైద్యం అని చెప్పి బస్సెక్కే తన భార్య పేరు.

"ఎవులు బాబూ?" అంది వనజ. వరండాలో ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు.

"ఆడ మనిషి," అన్నాడు ధర్మారావు నీరసంగా.

"తెలిసినోళ్ళేనా?"

"ఇరవై ఆరేళ్ళుగా." ఆయన సెల్‌ఫోన్ తీసి గంపల మధ్యకి నడిచాడు. పన్నెండూ యాభై మూడు.

"సీతా, నువ్వు పలాస వచ్చేది మోకాలికేనా?"

"ఇప్పటికి అడిగారు," అంది సీతారత్నం. "ఫిబ్రవరిలో మోకాలికే వచ్చాను. డాక్టర్ దగ్గర జనం ఉంటే నెట్ సెంటర్లో కూర్చున్నాను. ఎవరిదో బ్లాగు తెరిచి ఉంది. చేప ఎంతో చూద్దామంటే మరిది తగాదా వస్తోంది. ముప్పై ఏళ్ళు నోటుబుక్కులు దిద్దిన చెయ్యి, ఊరుకుంటుందా?"

"అది నేరం!"

"నేరమే కావచ్చు. కానీ రిటైరయ్యాక నా మాట విని బాగుపడింది ఆ బ్లాగొక్కటే. ఇంట్లో చెబితే ఎవరు వింటున్నారు?"

ఆ మాట ధర్మారావుకి కాస్త లోతుగానే దిగింది. "మరి పాస్‌వర్డ్ ఎందుకు మార్చావు?"

"పొద్దున్న అంతా చెప్పాను. మీరు ఊఁ అన్నారు. శనివారం మీ తాతారావు తిరుపతిరావు గారి కారు దిగొచ్చి, వనజ ఏ రోజుల్లో వస్తుంది, ఏ కుర్చీలో కూర్చుంటుంది అని ఆ కుర్రాణ్ణి అడుగుతున్నాడు. తలుపేమో ఎప్పుడూ బార్లా. పాత పాస్‌వర్డ్ వాళ్ళ పడవ పేరే. నేను ఒక్కసారికే కనిపెట్టాను. అందుకని గడియ వేశాను. ఆ పిల్ల నంబరుకి పదిసార్లు చేశాను, అందలేదు."

"ఆ ఫోను కృష్ణతోపాటు సముద్రం మీద ఉంది. నిన్న బూత్ నుంచి చేసినప్పుడే చెప్పింది."

"అలాగా? నిన్న మీరు ఫోన్లో అరుస్తుంటే తెలిసింది, అది మీ కేసేనని. కొత్త పాస్‌వర్డ్ చీటీ మీద రాసి మీ జేబులో పెట్టి, వనజకివ్వండి అని చెప్పాను కదా. ఇచ్చారా?"

ధర్మారావు చెయ్యి దానంతటదే జేబు తడిమింది. చీటీ వెనక్కి తిప్పి చూసి నవ్విన తాతారావు మొహం కళ్ళముందు కదిలింది.

"తాతారావుకిచ్చాను," అన్నాడు.

"వాడు లోపలికెళ్ళి మళ్ళీ పాస్‌వర్డ్ మార్చాడంటే ఆ అరవై మూడు మందీ తిరుపతిరావు గారి మనుషులైపోతారు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టండి ఆ పిల్లని. నేను చెబుతాను, కొట్టమనండి."

ధర్మారావు లోపలికి పరుగెత్తి, జరిగింది నాలుగు ముక్కల్లో వనజకి చెప్పాడు. కత్తిపీటల కోసం ఎదురుచూశాడు. వనజ ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసి, "మీ ఆడమడిసా? అయితే ఆయమ్మకి మా మరిది మీద కోపమేటి?" అని మాత్రం అడిగి మూడో నంబరు కుర్చీలో కూర్చుంది. పేజీ తెరుచుకోవడానికి మూడు నిమిషాలు పట్టింది. సీతారత్నం ఒక్కో అక్షరం చెబుతోంటే ధర్మారావు పైకి అరుస్తున్నాడు, వనజ ఒక్క వేలితో కొడుతోంది. మొత్తం పద్నాలుగు. తొమ్మిదో అక్షరం దగ్గర తెర నల్లబడింది. ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది.

ఒంటిగంట. కరెంటు కోత. పలాసలో ఇంకేదీ అంత కచ్చితంగా టైముకి జరగదు.

"మూడింటికి వస్తాది సార్," అన్నాడు అవినాష్. "బ్యాటరీలు రిపేరుకిచ్చాను."

ఆ నిశ్శబ్దంలో రోడ్డు అవతలనుంచి దడదడమని చప్పుడు మొదలైంది. తిరుపతిరావు గోడౌన్లో జనరేటర్ వేశారు. పై అంతస్తు ఆఫీసు గదిలో దీపం వెలిగింది. కిటికీ పక్కన నల్లద్దాల మనిషి ఒకడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

ధర్మారావు ఆ కిటికీ వైపూ గోడ గడియారం వైపూ మార్చి మార్చి చూశాడు. వనజ మాత్రం తల పక్కకి వాల్చి ఆ చప్పుడు వింటోంది.

"డీజిలు ఇంజనే," అంది. "మా పడవది దానికంటే పాతది. మా పడవింజను నానే ఇప్పుతాను, నానే బిగిత్తాను. పైపు ఎక్కడ పీకితే ఆగుతాదో కళ్ళు మూసుకుని సెప్తాను." కొంగు బిగించి దోపుకుని, వరండాలోకి ఒక కేక వేసి, రోడ్డు దాటడం మొదలుపెట్టింది. పదిమంది ఆడవాళ్ళూ ఆమె వెనకే కదిలారు. కత్తిపీటలు మాత్రం మర్చిపోలేదు.

అవతలనుంచి ఇదంతా వింటున్న సీతారత్నం ఫోన్లో పిలుస్తూనే ఉంది. "ఏమండీ, వింటున్నారా?"

ధర్మారావు ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాడు. "వింటున్నాను సీతా. ప్రతి మాటా వింటున్నాను. చెప్పు."

ఎప్పటిలాగే ఆవిడ అసలు మాట ముందు చెప్పింది.

"పరుగెత్తండి."